నీళ్లు నిలవని మూత్రపిండం: సికిల్ సెల్ చరిత్రలో రాయని అధ్యాయం

సికిల్ సెల్ జబ్బు గురించి ఎవరు మాట్లాడినా రక్తం గురించే మాట్లాడతారు. కొడవలిలాగా వంగిన ఎర్రకణం బొమ్మ పాఠ్యపుస్తకాల్లో ఉంది, పోస్టర్ల మీద ఉంది, ఆరోగ్య శిబిరాల బ్యానర్ల మీద ఉంది. మూత్రం గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. రాత్రి నాలుగైదు సార్లు లేవాల్సి వచ్చే మనిషికీ, ఎంత తాగినా దాహం తీరని కూలి మనిషికీ, ముప్పై ఏళ్లు దాటాక కాళ్లు ఉబ్బి ఆస్పత్రికి పోతే 'రెండు కిడ్నీలూ పోయాయి' అన్న మాట ఒక్కసారిగా వినే మనిషికీ ఈ బొమ్మలో చోటు లేదు. ఆ చోటు ఎందుకు లేకుండా పోయిందో వెతకడానికే ఈ వ్యాసం.

మేం డాక్టర్లం కాము. ఇది వైద్య వ్యాసమూ కాదు. కానీ ఒక జబ్బును మొదట ఎవరిలో చూశారు, చూసినవాళ్లు ఏం రాసుకున్నారు, రాసుకున్నదాంట్లో ఏది నిలబెట్టారు, ఏది వదిలేశారు, ఏ కొలబద్దతో కొలిచారు అన్నవి వట్టి వైద్య ప్రశ్నలు కావు. అవి చరిత్ర ప్రశ్నలు. శరీరానికి కూడా చరిత్ర ఉంది. అంటరాని శరీరానికీ, బానిస చేసిన శరీరానికీ ఆ చరిత్రను ఎప్పుడూ ఇంకొకరే రాస్తూ వచ్చారు. అందుకని ఈ విషయం మన పత్రికల్లో మాట్లాడాల్సిందేనని మేం అనుకుంటున్నాం.

పేరు లేని రోగి

1904 డిసెంబర్‌లో షికాగోలోని ప్రెస్బిటేరియన్ ఆస్పత్రిలో ఇరవై ఏళ్ల నల్లజాతి విద్యార్థి ఒకరు చేరాడు. కరీబియన్ దీవుల్లోని గ్రెనడా నుంచి దంతవైద్యం చదవడానికి వచ్చినవాడు. దగ్గు, జ్వరం, ఆయాసం, కాళ్ల మీద మానిన పుండ్ల మచ్చలు. ఎర్నెస్ట్ ఐరన్స్ అనే యువవైద్యుడు అతని రక్తాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే, గుండ్రంగా ఉండాల్సిన కణాలు సాగి, వంగి కనిపించాయి. ఐరన్స్ పై వైద్యుడు జేమ్స్ హెరిక్ 1910లో ఈ కేసును అచ్చువేశాడు. సికిల్ సెల్ వైద్యచరిత్ర ఇక్కడ మొదలవుతుందని అందరూ రాస్తారు.

ఆ నివేదికలో ఇంకో సంగతి ఉంది. రోగి మూత్రం ఎక్కువగా పోస్తున్నాడనీ, ఆ మూత్రం పల్చగా ఉందనీ హెరిక్ నమోదు చేశాడు. అంటే కొడవలి కణం ఏ కాగితం మీద మొదటిసారి కనిపించిందో, చెడుతున్న కిడ్నీ కూడా అదే కాగితం మీద కనిపించింది. కణం ప్రపంచ ప్రసిద్ధమైంది. మూత్రం గురించిన ఆ వాక్యం మాత్రం నలభై ఏళ్లకు పైగా అట్లాగే పడి ఉంది.

ఆ రోగి పేరు కూడా అట్లాగే పడి ఉంది. హెరిక్ నివేదికలో అతని జాతి ఉంది, వయసు ఉంది, పేరు లేదు. పేరు వాల్టర్ క్లెమెంట్ నోయెల్ అని, అతను చదువు పూర్తిచేసి గ్రెనడాకు తిరిగిపోయి సెయింట్ జార్జెస్ పట్నంలో పళ్ల డాక్టరుగా పనిచేశాడని, 1916లో 32 ఏళ్లకే ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయాడని బయటపెట్టిన పరిశోధన 1989లో వచ్చింది. జబ్బుకు పేరు పెట్టడానికి పన్నెండేళ్లు పట్టింది: 1922లో వెర్న్ మేసన్ దాన్ని 'సికిల్ సెల్ అనీమియా' అన్నాడు. జబ్బు మోసిన మనిషికి పేరు దక్కడానికి డెబ్బై తొమ్మిదేళ్లు పట్టింది. రోగుల పేర్లు గోప్యంగా ఉంచడం వైద్యధర్మం, కాదనం. కానీ కనిపెట్టినవాళ్ల పేర్లు వరసగా చదివే మనం, ఎవరి దేహం మీద కనిపెట్టారో అడగకుండానే పరీక్షలు రాసి పాసయ్యాం.

జాతి రోగం అన్న ముద్ర

1920ల నుంచి 1940ల దాకా అమెరికా వైద్యులు దీన్ని 'నీగ్రో రక్తం' జబ్బుగా చూశారు. తెల్లవాళ్లలో ఎక్కడైనా ఈ కణాలు కనిపిస్తే, వాళ్ల పూర్వీకుల్లో నల్లవాళ్లెవరున్నారో వెతికారు. 1949లో లైనస్ పాలింగ్, హార్వే ఇటానో, వాళ్ల సహచరులు ఈ జబ్బు హీమోగ్లోబిన్ అణువులోనే ఉన్న తేడా అని చూపించారు. 1950ల మధ్యలో వెర్నన్ ఇంగ్రామ్ ఆ తేడా ఎంత చిన్నదో చూపాడు. గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన ఒక్క చోట వాలిన్ ఉంది, అంతే. 1954లో ఆంథొనీ ఆలిసన్, ఈ జన్యువు ఒకటే ఉన్నవాళ్లకు మలేరియా నుంచి కొంత రక్షణ దొరుకుతుందని చెప్పాడు. జబ్బు రంగును బట్టి రాలేదు, దోమను బట్టి నిలిచింది. జాతి సిద్ధాంతం కూలిపోవడానికి ఈ మూడూ చాలు. కానీ కూలలేదు.

ఇక్కడ హార్వే ఇటానో గురించి రెండు మాటలు చెప్పాలి. ఆయన జపనీయ అమెరికన్. 1942లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆ ఏడు అందరికంటే మొదటి స్థానంలో నిలిచిన విద్యార్థి. పట్టా పుచ్చుకునే వేళకు ఆయన నిర్బంధంలో ఉన్నాడు, జపాన్ సంతతి అయినందుకు. జాతి పేరుతో ముళ్లకంచె వెనక నిలబడ్డ మనిషే, ఈ జబ్బు జాతిలో కాదు అణువులో ఉందని చూపిన బృందంలో ఒకడు కావడం మాకు యాదృచ్ఛికంగా తోచినా మరిచిపోదగ్గది కాదు. ఆయన పేరు ఈ వ్యాసంలో కిడ్నీ దగ్గర మళ్లీ వస్తుంది.

అదే బృందం నాయకుడు పాలింగ్ 1968లో ఇంకోమాట అన్నాడు. ఈ జన్యువు ఉన్న యువతీ యువకుల నుదుటిమీద పచ్చబొట్టు పొడిపిస్తే, ఒకేరకం గుర్తున్నవాళ్లు ఒకరినొకరు పెళ్లి చేసుకోకుండా ఉంటారన్నాడు. పీష్వాల రాజ్యంలో మెడకు ముంత, నడుముకు చీపురు కట్టుకుని నడిచిన వాళ్ల వారసులకు ఈ సలహా ఎట్లా వినిపిస్తుందో వేరే చెప్పక్కర్లేదు. శాస్త్రజ్ఞుడి మంచి ఉద్దేశం మీద మాకు అనుమానం లేదు. గుర్తు పెట్టిన తర్వాత ఆ గుర్తును ఎవరు చదువుతారు, దేనికి వాడతారు అన్నదే మా ప్రశ్న.

1971లో బ్లాక్ పాంథర్ పార్టీ సికిల్ సెల్ రక్తపరీక్షల ఉద్యమం మొదలుపెట్టింది. నల్లవాళ్ల జబ్బు కాబట్టే ప్రభుత్వం డబ్బు పెట్టడం లేదని వీధుల్లో చెప్పింది. 1972లో అమెరికా ప్రభుత్వం సికిల్ సెల్ చట్టం చేసింది. ఆ కాలంలోనే కొన్ని రాష్ట్రాలు నిర్బంధ పరీక్షలు పెట్టాయి. జబ్బు లేకుండా జన్యువు మాత్రమే మోస్తున్నవాళ్లకు కూడా ఉద్యోగాలు, బీమా నిరాకరించిన ఘటనలు జరిగాయి. అమెరికా వైమానిక దళ అకాడమీ జన్యువు మోసేవాళ్లను 1981 దాకా చేర్చుకోలేదు. అదే 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టింది. పాంథర్ల పేరు సముద్రం దాటి మనదాకా వచ్చింది. పేరుతోపాటు వాళ్ల ఆరోగ్య ఉద్యమాన్నీ, దాని గెలుపునూ, అది నేర్పిన జాగ్రత్తనూ కూడా మనం చదువుకోవాల్సి ఉండింది.

మన దేశంలో ఎవరిలో చూశారు?

మన దేశంలో సికిల్ సెల్ గురించిన తొలి నివేదికలు 1952లో రెండు చోట్ల నుంచి వచ్చాయి. ఒకటి నీలగిరి కొండల ఆదివాసుల నుంచి, లేమన్, కట్‌బుష్ అనే ఇద్దరు పరిశోధకులు రాసింది. రెండోది ఎగువ అస్సాం తేయాకు తోటల కూలీల నుంచి. బీహార్, ఒరిస్సా ప్రాంతాల నుంచి తోటపనికి వలసపోయిన కుటుంబాలవి. 1958లో నాగ్‌పూర్ వైద్యులు శుక్లా, సోలంకీ మధ్యభారతం గురించి రాశారు. అక్కడ మహార్లలో ఈ జన్యువు బాగా కనిపించింది. తర్వాతి పరిశీలనల్లో కున్బీ, తేలి వంటి కులాల్లోనూ, గోండుల్లోనూ, ఛత్తీస్‌గఢ్ సత్నామీల్లోనూ, పశ్చిమ ఒడిశాలోనూ ఉందని తేలింది. మన తెలుగు నేల మీద ఆదిలాబాద్ అడవుల్లోని గోండు, కొలాం గూడేల్లోనూ, గోదావరి, విశాఖ ఏజెన్సీల్లోనూ ఉంది.

లేమన్ తన ఫలితాలను 'వెడ్డాయిడ్' అనే ఒక పురాతన జాతికి ముడిపెట్టి, ఇండియాకూ ఆఫ్రికాకూ మధ్య ఒక వలస కథ అల్లాడు. 1986లో జన్యువు చుట్టూ ఉండే అమరికను పరిశీలిస్తే, అరేబియా, ఇండియా ప్రాంతంలో ఈ మార్పు ఆఫ్రికాతో సంబంధం లేకుండా విడిగా పుట్టిందని తేలింది. అంటే జాతి కథ మనదగ్గర కూడా నిలవలేదు.

అట్లయితే కొన్ని కులాల్లో, తెగల్లో ఎందుకు అంత గట్టిగా నిలిచింది? సగం జవాబు మలేరియా. అడవి అంచుల్లో, మలేరియా ఎక్కువున్న చోట ఎవరు తరతరాలుగా బతికారో చూస్తే చాలు. మిగతా సగం జవాబు పెళ్లి. నోయెల్ చనిపోయిన 1916లోనే న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఇరవై అయిదేళ్ల అంబేద్కర్ భారతదేశంలో కులాల గురించి ఒక పత్రం చదివాడు. కులానికి మూలం సొంత కులంలోనే పెళ్లి చేసుకోవాలన్న నియమమేనని అందులో వాదించాడు. ఆయనకు ఈ జన్యువు సంగతి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. కానీ ఆయన చెప్పిన కంచెలోపలే ఇది చిక్కుకుపోయింది. తల్లీ తండ్రీ ఇద్దరూ జన్యువు మోస్తుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం. చిన్న వలయంలో పెళ్లిళ్లు జరిగినకొద్దీ అట్లాంటి ఇద్దరు కలిసే అవకాశం పెరుగుతుంది.

కాబట్టి దీన్ని 'దళిత రోగం', 'ఆదివాసీ రోగం' అనడం తప్పు. దళితులు ఒక జాతి కాదని అంబేద్కరే చెప్పాడు. ఇది దోమా, కులమూ కలిసి ఒకచోట కట్టిపడేసిన జబ్బు.

కిడ్నీ లోపల

ఇప్పుడు మూత్రం దగ్గరికి వద్దాం. కిడ్నీ రక్తాన్ని వడపోస్తుందని అందరికీ తెలుసు. అది నీళ్లను వెనక్కి కూడా తీసుకుంటుంది. ఆ పని కిడ్నీ లోతట్టు భాగంలో జరుగుతుంది. అక్కడ ఆక్సిజన్ తక్కువ, ఆమ్లం ఎక్కువ, ఉప్పు గాఢత చాలా ఎక్కువ. ఈ మూడూ సికిల్ హీమోగ్లోబిన్‌కు పడవు. కణంలోంచి నీళ్లు లాగేస్తాయి, హీమోగ్లోబిన్ పోగులు కడుతుంది, కణం వంగి బిగుసుకుంటుంది, సన్నటి రక్తనాళంలో ఇరుక్కుంటుంది. శరీరం మొత్తంలో ఎర్రకణం కొడవలి కావడానికి ఇంత అనువైన చోటు ఇంకోటి లేదంటే అతిశయోక్తి కాదు. అందుకే చిన్నతనంలోనే కిడ్నీ దెబ్బతినడం మొదలవుతుంది.

1956లో కైటెల్, థాంప్సన్, ఇటానో ఒక పరిశీలన అచ్చువేశారు. మూడో పేరు మనం పైన చూసిన హార్వే ఇటానోదే. సికిల్ సెల్ ఉన్న చిన్నపిల్లలకు మామూలు రక్తం ఎక్కిస్తే, మూత్రాన్ని చిక్కబరిచే శక్తి తిరిగి వచ్చింది. వయసు పెరిగినవాళ్లలో రాలేదు. ఇది చాలా పెద్ద మాట. జబ్బు పిల్లల కిడ్నీలో తాత్కాలికంగా ఉండి, పెద్దయ్యేసరికి శాశ్వతమవుతుంది. 1970లో స్టేషియస్ వాన్ ఎప్స్, ఆయన సహచరులు కిడ్నీల ఎక్స్‌రే చిత్రాలతో కారణం కంటికి చూపించారు. కిడ్నీ లోతట్టులో పొడుగ్గా, వరసగా దిగే సన్నటి రక్తనాళాలు జబ్బున్నవాళ్లలో దాదాపుగా లేకుండా పోయాయి. జన్యువు మాత్రమే మోసేవాళ్లలో కూడా తగ్గి ఉన్నాయి.

దీని ఫలితం లెక్కల్లో చెప్పాలంటే: ఆరోగ్యంగా ఉన్న మనిషి మూత్రం, నీళ్లు తక్కువైనప్పుడు రక్తం కంటే సుమారు నాలుగు రెట్లు చిక్కబడగలదు. సికిల్ సెల్ ఉన్న పెద్దవాళ్లలో ఒకటిన్నర రెట్లు మించదు. ఒంట్లో నీళ్లు లేకపోయినా మూత్రం పోతూనే ఉంటుంది. పిల్లలు పెద్దయ్యాక కూడా పక్క తడుపుతారు, ఇంట్లో తిట్లు తింటారు, హాస్టల్లో అవమానపడతారు. అది సోమరితనమూ కాదు, చెడ్డ అలవాటూ కాదు, వాళ్ల కిడ్నీకి నీళ్లు పట్టి ఉంచే శక్తి లేకపోవడం. నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడటం కూడా ఇదే జబ్బులో ఒక భాగం, అది జన్యువు మాత్రమే ఉన్నవాళ్లలోనూ రావచ్చు. అట్లా రక్తం పడితే పరీక్ష చేయించుకోవాల్సిందే. జన్యువు మోసే యువతలో అరుదుగా వచ్చే ఒక కిడ్నీ క్యాన్సర్‌ను వైద్యులు 1995లో విడిగా గుర్తించారు.

పెద్దవాళ్లయ్యాక

చాలాకాలం సికిల్ సెల్‌ను పిల్లల జబ్బు అనుకున్నారు, ఎందుకంటే పిల్లలు పెద్దవాళ్లయ్యేదాకా బతకలేదు. అమెరికాలో 1986లో వచ్చిన ఒక పరిశోధన, పసిపిల్లలకు రోజూ పెన్సిలిన్ ఇస్తే ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్లు బాగా తగ్గుతాయని చూపింది. పిల్లలు బతికారు. బతికిన తర్వాత వాళ్ల కిడ్నీలు ఏమయ్యాయన్నది అప్పుడు ముందుకొచ్చింది.

1991లో డార్లీన్ పవర్స్ బృందం 25 ఏళ్ల పరిశీలనను అచ్చువేసింది. 725 మంది సికిల్ సెల్ అనీమియా రోగుల్లో 4.2 శాతం మందికి కిడ్నీలు పూర్తిగా దెబ్బతిన్నాయి. అది మొదలైన మధ్యస్థ వయసు 23 ఏళ్లు. డయాలసిస్ ఇచ్చినా ఆ తర్వాత సుమారు నాలుగేళ్లే బతికారు. 1992లో ఫాక్ బృందం 381 మందిని చూస్తే 26 శాతం మంది మూత్రంలో ప్రొటీన్ పోతోంది. ఎనలప్రిల్ అనే పాత, చవకైన బీపీ మాత్ర కొద్దిరోజులు ఇస్తే ఆ ప్రొటీన్ సగానికిపైగా తగ్గింది. 1994లో వచ్చిన ఇంకో పెద్ద పరిశీలనలో, చనిపోయిన పెద్దవాళ్లలో 18 శాతం మంది అవయవాలు, ముఖ్యంగా కిడ్నీలు, దెబ్బతినడం వల్ల పోయారని తేలింది. 1995లో హైడ్రాక్సీయూరియా నొప్పి దాడులను తగ్గిస్తుందని రుజువైంది.

ఈ పరిశోధనలన్నీ కలిపి చెప్పే కథ ఇది. చిన్నతనంలో కిడ్నీ మామూలు కంటే ఎక్కువ వడపోస్తుంది. 1950ల తొలి ఏళ్లలోనే పిల్లల్లో ఇది చూశారు. చూసేవాళ్లకు అది ఆరోగ్యంలా కనిపిస్తుంది. నిజానికి అది అదనపు చాకిరీ. వయసుకు మించిన బరువు మోసిన పిల్లవాడి నడుము యవ్వనంలోనే వంగిపోయినట్టు, వడపోత గుచ్ఛాలు ఒక్కొక్కటీ గట్టిపడిపోతాయి. మొదట ఆల్బుమిన్ అనే ప్రొటీన్ కొద్దికొద్దిగా మూత్రంలోకి జారుతుంది. అప్పుడు ఏ నొప్పీ ఉండదు. తర్వాత వడపోత తగ్గుతుంది. ఎర్రకణాలు తయారుకావడానికి పంపాల్సిన సంకేతాన్ని కూడా కిడ్నీ పంపలేదు. అప్పటికే తక్కువున్న రక్తం ఇంకా తగ్గుతుంది. రక్తం ఊరికే తగ్గుతూ పోతోందంటే కిడ్నీని అనుమానించాలి. కానీ రక్తహీనత జబ్బే కదా అని ఎక్కువసార్లు అక్కడితో ఆపేస్తారు.

కొలబద్దలో జాతి

కిడ్నీ ఎంత పనిచేస్తుందో తెలుసుకోవడానికి రక్తంలో క్రియాటినిన్ చూస్తారు. అది కండరం నుంచి వస్తుంది. కిడ్నీ చెడితే రక్తంలో పెరుగుతుంది. ఈ లెక్కకోసం 1999లో అమెరికాలో ఒక సూత్రం వచ్చింది. నల్లవాళ్లయితే ఫలితాన్ని సుమారు 20 శాతం పెంచి రాయాలని అందులో ఉంది. 2009లో వచ్చిన కొత్త సూత్రంలో అది సుమారు 16 శాతం. నల్లవాళ్లకు కండలు ఎక్కువన్న ఊహ దీని వెనకాల ఉంది. బానిసలను కొనేటప్పుడు కండలు చూసి ధర కట్టినవాళ్ల ఊహ, కంప్యూటర్లో గుణకమై కూర్చుంది. దీనివల్ల నల్లవాళ్ల కిడ్నీ ఉన్నదానికంటే బాగున్నట్టు కాగితం మీద కనిపించింది. నిపుణుడి దగ్గరికి పంపడం, కిడ్నీ మార్పిడి జాబితాలో పేరు ఎక్కడం ఆలస్యమయ్యాయి. నల్లజాతి విద్యార్థులూ వైద్యులూ ఏళ్ల తరబడి అడిగిన తర్వాత 2021లో అమెరికా కిడ్నీ నిపుణుల సంఘాలు జాతి లేని సూత్రాన్ని సిఫారసు చేశాయి. 2022లో మార్పిడి జాబితాకు జాతి గుణకం వాడకూడదని నిర్ణయించారు. 2023 నుంచి అప్పటిదాకా నష్టపోయినవాళ్ల నిరీక్షణ కాలాన్ని సరిచేయడం మొదలుపెట్టారు.

సికిల్ సెల్ రోగులకు ఈ మోసం రెండింతలు. వాళ్ల కిడ్నీ నాళికలు క్రియాటినిన్‌ను మామూలు కంటే ఎక్కువగా బయటికి నెడతాయి. వాళ్లలో కండ తక్కువ. ఈ రెండింటి వల్లా క్రియాటినిన్ ఎప్పుడూ తక్కువే కనిపిస్తుంది. కిడ్నీ సగం పోయినా రిపోర్టులో 'నార్మల్' అని ఉండొచ్చు. మన గుణకంలో జాతి లేదు, నిజమే. కానీ బక్కపలచని కూలి మనిషి రిపోర్టును, బాగా తిన్న మనిషి కోసం వేసిన గీతతో పోల్చి 'బాగుంది పో' అని పంపేస్తే అదీ ఒక కొలబద్ద అన్యాయమే. రక్తపోటు సంగతీ అంతే. సికిల్ సెల్ ఉన్నవాళ్ల బీపీ సాధారణంగా తక్కువ ఉంటుంది. ఇతరులకు మామూలు అనిపించే అంకె వాళ్లకు ఎక్కువ కావచ్చు.

నీళ్లు ఎవరివి?

ఒంట్లో నీళ్లు నిలవని మనిషికి మొదటి మందు నీళ్లు. ప్రతి డాక్టరూ రాసే మాట: బాగా నీళ్లు తాగండి. ఈ మాట రాసినంత తేలిక కాదు. 1927లో మహాడ్‌లో అంబేద్కర్ వేలమందితో వెళ్లి చవదార్ చెరువు నీళ్లు దోసిట్లోకి తీసుకున్నది ఎందుకో మనకు తెలుసు. 1985లో కారంచేడులో ఆరుగురు మాదిగల హత్యకు దారితీసిన గొడవ తాగునీటి చెరువు దగ్గరే మొదలైంది. మహాడ్ కొంకణ్‌లో ఉంది, సికిల్ జన్యువు ఎక్కువగా ఉన్న మహార్లు విదర్భలో ఉన్నారు. కారంచేడు మాదిగలకూ ఈ జబ్బుకూ ముడి లేదు. వాటిని కలిపి చెప్పడం మా ఉద్దేశం కాదు. మేం చెప్తున్నది ఇదే: నీళ్లు దొరకడం అన్నది ఈ దేశంలో ఎన్నడూ వైద్యసలహా మాత్రమే కాలేదు.

ఇటుకబట్టీల్లో, పత్తిచేలల్లో, రోడ్డుపనుల్లో మధ్యాహ్నం ఎండలో పనిచేసే మనిషి ఎన్నిసార్లు పని ఆపి నీళ్లు తాగగలడు? మరుగు లేని చోట ఆడమనిషి ఎన్నిసార్లు మూత్రానికి పోగలదు? మరుగుదొడ్డి లేక నీళ్లు తాగడమే మానుకునే ఆడవాళ్లు మన వాడల్లో, గూడేల్లో ఎంతమందో మనకు తెలియంది కాదు. మామూలు కిడ్నీ ఒక పూట ఓర్చుకుంటుంది. సికిల్ కిడ్నీకి ఆ ఓర్పు లేదు. ఒంట్లో నీళ్లు తగ్గితే కణాలు వంగుతాయి, నొప్పి మొదలవుతుంది. నొప్పి వస్తే దగ్గర్లో ఉన్న ఆర్ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ ఇంజెక్షన్, లేదా మందులషాపులో ఐబుప్రోఫెన్. ఆ మందులు కిడ్నీకి పోయే రక్తాన్ని తగ్గిస్తాయి. నొప్పి తగ్గి మర్నాడు మళ్లీ కూలికి పోతాడు, కిడ్నీ ఇంకొంచెం పోతుంది. ఈ చక్రంలో ఎక్కడా వ్యక్తి తప్పు లేదు.

కిడ్నీ అనగానే మన పాఠకులకు శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గుర్తుకొస్తుంది. అది వేరే జబ్బు, దాని కారణం ఇంకా తేలలేదు. కానీ ఉద్దానం ఒకటి నేర్పింది. మనుషులు గుంపుగా చనిపోయి, ఆ ప్రాంతం పేరు పత్రికల్లోకెక్కాకనే ప్రభుత్వాలు కదిలాయి. సికిల్ కిడ్నీ రోగులు ఒకేచోట గుంపుగా లేరు. గూడేనికి ఒకరిద్దరు చొప్పున చెదిరి ఉన్నారు. వాళ్ల చావు 'రక్తం లేక పోయాడు' అన్న మాటలో కలిసిపోతుంది.

మన దేశపు సికిల్ సెల్ మృదువైనదన్న మాట కూడా ఇందుకు తోడైంది. 1980ల్లో పశ్చిమ ఒడిశా రోగులను జమైకా రోగులతో పోల్చినప్పుడు, మన వాళ్లలో పిండదశ హీమోగ్లోబిన్ ఎక్కువ ఉండి జబ్బు తీవ్రత తక్కువని కనిపించింది. తర్వాత నాగ్‌పూర్ ప్రాంత పరిశీలనలు తీవ్రమైన రూపాలను కూడా చూపాయి. జబ్బు మృదువైతే మనిషి ఎక్కువకాలం బతుకుతాడు. ఎక్కువకాలం బతికితే కిడ్నీ దెబ్బతినే వయసుకు చేరతాడు. మృదువైన జబ్బు అంటే కిడ్నీని పట్టించుకోనక్కర్లేదని కాదు, ఇంకా ఎక్కువ పట్టించుకోవాలని.

కార్డు ఇచ్చాక ఏం ఇస్తారు?

2016 వికలాంగుల హక్కుల చట్టం సికిల్ సెల్ జబ్బును గుర్తించిన వైకల్యాల్లో చేర్చింది. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. 17 రాష్ట్రాల్లో, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా అందులో ఉన్నాయి, 40 ఏళ్ల లోపువాళ్లు 7 కోట్ల మందికి పరీక్షలు చేయడం, 2047 నాటికి జబ్బును నిర్మూలించడం లక్ష్యాలు. పరీక్ష చేయించుకున్నవాళ్లకు జన్యు సలహా కార్డులు ఇస్తున్నారు.

పరీక్షలను మేం కాదనడం లేదు. పసిబిడ్డలో ముందే తెలిస్తే పెన్సిలిన్ ఇచ్చి బతికించుకోవచ్చు. కానీ 'నిర్మూలన' అన్న మాట రేపు పుట్టబోయే బిడ్డవైపు చూస్తుంది. ఇవాళ ముప్పై అయిదేళ్ల వయసులో, ఉబ్బిన కాళ్లతో, కార్డు చేతిలో పట్టుకుని నిలబడ్డ మనిషివైపు చూడదు. 40 దాటినవాళ్లు ఆ లెక్కలోనే లేరు. పాలింగ్ పచ్చబొట్టు, వైమానిక దళం తలుపులు మూసిన సంగతి తెలిసినవాళ్లుగా మేం రెండు విషయాలు అడుగుతున్నాం. కార్డు పెళ్లి సంబంధాల్లో, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో, వెలివేతకు సాధనం కాకూడదు. కార్డు ఇచ్చిన చేత్తోనే వైద్యం కూడా ఇవ్వాలి.

ఆ వైద్యంలో కిడ్నీకి సంబంధించినంతవరకూ కావాల్సినవి చంద్రమండలం నుంచి తేవాల్సినవి కావు. 2014లో అమెరికా నిపుణుల బృందం, 10 ఏళ్ల వయసుకల్లా మొదలుపెట్టి ఏటా మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చేయాలని చెప్పింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేయగలిగిన పరీక్ష అది. ఆల్బుమిన్ పోతున్నట్టు తేలితే ఎనలప్రిల్ తరహా మాత్రలు డాక్టరు పర్యవేక్షణలో వాడొచ్చు. గర్భిణులకు అవి పనికిరావు, రక్తంలో పొటాషియం చూసుకోవాలి. బీపీని జాగ్రత్తగా కొలవాలి. కిడ్నీ తగ్గినవాళ్లకు హైడ్రాక్సీయూరియా మోతాదు తగ్గించి ఇవ్వాలి. నొప్పికి కిడ్నీని కాల్చని మందులు అందుబాటులో ఉండాలి. డయాలసిస్ దాకా పోయినవాళ్లను 'సికిల్ సెల్ కదా' అని మార్పిడి అవకాశం నుంచి తప్పించకూడదు. మార్పిడి తర్వాత మొదటి ఏడాది ఫలితాలు ఇతర రోగులతో సమానంగా ఉన్నాయని 1999లోనే తేలింది. 2023 డిసెంబర్‌లో అమెరికా అనుమతించిన జన్యు చికిత్సల్లో ఒకదానికి అప్పట్లో పెట్టిన ధర ఒక్కో మనిషికి 22 లక్షల డాలర్లు. అది మన గూడేనికి ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. మూత్రపరీక్ష పట్టీ మాత్రం రేపే రావచ్చు.

ఉపాధ్యాయులకు ఒక మాట. పక్క తడిపే పిల్లవాణ్ణి, క్లాసులో మాటిమాటికీ నీళ్లకూ బయటికీ పోతానని లేచే పిల్లను కోప్పడే ముందు కారణం అడగండి. కార్యకర్తలకు ఒక మాట. శిబిరానికి వచ్చిన పెద్దవాళ్లను మూత్రపరీక్ష చేశారా అని అడగండి, చెయ్యకపోతే ఎందుకు చెయ్యలేదో డాక్టర్ని అడగండి. విద్యార్థులకు, ముఖ్యంగా మన వాడల నుంచి వైద్యకళాశాలల్లోకి వెళ్తున్నవాళ్లకు ఒక మాట. ఈ చరిత్రలో ఇంకా రాయాల్సింది చాలా ఉంది. 1910లో హెరిక్ కాగితంలో ఉన్న ఆ పల్చటి మూత్రం వాక్యం ఇప్పటికీ మన ఆస్పత్రుల కేసుషీట్లలో ఖాళీగానే ఉంటోంది. దాన్ని నింపడం మీ పని, అడగడం మా అందరి పని.